బడి పోర్టల్: చూచుటయు, కాచుకొనుటయు



టెక్సాస్ రాష్ట్రమున ఫ్రిస్కో, అర్వింగ్, కేటీ పట్టణములందైననేమి, న్యూజెర్సీలోని ఎడిసన్ నందైననేమి, వర్జీనియాలోని యాష్‌బర్న్ పరిసరములందైననేమి, తెలుగువారు కాపురములు పెట్టుకొనిన పేటలన్నిటను సాయంకాలము కాఫీ వేళకు తల్లియో తండ్రియో సెల్‌ఫోను చేతబట్టి, పిల్లవాని బడి పోర్టల్ తెరచి, నాటి లెక్కల పరీక్షలో వచ్చిన గ్రేడు చూచి సంతోషించుటయో, కనుబొమలు ముడుచుటయో నిత్యకృత్యమై యున్నది. హోమ్ ఆక్సెస్ సెంటర్ అని ఒకచోట, స్కైవర్డ్ అని మరియొకచోట, జెనెసిస్ అని, పేరెంట్‌వ్యూ అని, ఇన్ఫినిట్ క్యాంపస్ అని, పవర్‌స్కూల్ అని స్కూలు డిస్ట్రిక్టునకొక పేరు గలదు. పేరేదైనను, మనలో అధికసంఖ్యాకులు దానిని గ్రేడ్లు చూచుకొను సాధనముగా మాత్రమే ఎంచుచున్నారు. ఈ సాయంకాలము నేను మనవి చేయదలచిన విషయమంతయు ఈ ఒక్క తలంపు నుండియే పుట్టినది. మార్కులు చూచుకొను సైటునకు మార్కులపాటి విలువగల పాస్‌వర్డు చాలునని మన మనస్సు మనకు తెలియకయే నిర్ణయించుకొనుచున్నది. ఆ నిర్ణయమే తక్కిన అజాగ్రత్తలన్నిటికి తల్లివేరు.

ఆ పోర్టల్‌లో మార్కులుగాక మరియేమి గలదో ఒక్కసారి శాంతముగా పరికింపుడు. పిల్లవాని పుట్టినతేదీ, ఇంటి చిరునామా, తల్లిదండ్రుల ఫోను నంబర్లు, వారు పనిచేయు కంపెనీల పేర్లు. వేరుశనగ పప్పు పడదనియో, ఉబ్బసమునకు ఇన్‌హేలరు వాడుచున్నాడనియో తెలుపు ఆరోగ్యవివరములు, టీకాల పట్టిక. పిల్లవాడు ఏ బస్సు ఎక్కునో, ఏ మలుపునొద్ద ఎన్ని గంటలకు దిగునో. బడి విడిచిన పిదప వానిని ఇంటికి గొనిపోవుటకు ఎవరెవరికి అనుమతి గలదో. తల్లిదండ్రులు విడిపోయిన సంసారమైనచో బిడ్డ ఎవరి సంరక్షణలో నుండవలెనని కోర్టు చెప్పినదో. ప్రత్యేకవిద్య పొందుచున్నాడా, క్రమశిక్షణ చర్య ఏదైనను జరిగినదా యనునవి. వీనిలో కొన్ని మన కంటికి కానవచ్చును, కొన్ని లోపలి దస్తరములలో నుండును. ఒక సంసారమును గూర్చి ఇంత సమగ్రమైన సమాచారము బ్యాంకువారి యొద్ద సైతము లేదని చెప్పుట అతిశయోక్తి కాదు. మనము బ్యాంకు పాస్‌వర్డును పక్కింటివారికి చెప్పము. బడి పాస్‌వర్డును మాత్రము ఊరినుండి వచ్చిన బావమరిదికి, ట్యూషను చెప్పు మాస్టారికి, ఒక్కొక్కప్పుడు పిల్లవాని స్నేహితుని తల్లికి సైతము సంకోచములేక చెప్పివేయుచున్నాము.

ఇది ఊహాజనితమైన భయము కాదనుటకు నిదర్శనముగా 2024 డిసెంబరులో జరిగిన సంగతి చెప్పవలసియున్నది. కాలిఫోర్నియా రాష్ట్రమున ఫాల్సమ్ పట్టణము కేంద్రముగాగల పవర్‌స్కూల్ సంస్థ ఉత్తర అమెరికాలోని వేలాది డిస్ట్రిక్టులకు విద్యార్థుల దస్తరములు నిర్వహించి పెట్టుచున్నది. ఆ సంస్థవారు బడులకు సాంకేతిక సహాయము చేయుటకై ఏర్పరచుకొనిన ఒక లోపలి ద్వారమున, అపహరింపబడిన ఒకే ఒక పాస్‌వర్డు సహాయముతో దుండగులు ప్రవేశించి, విద్యార్థులవి, ఉపాధ్యాయులవి కోట్లకొలది దస్తరములు తోడుకొనిపోయిరి. ఆ ద్వారమునకు పాస్‌వర్డు గాక రెండవ పరీక్ష ఏదియు లేదు. డిసెంబరు 28న సంస్థవారు దానిని పసిగట్టిరి. జనవరి మొదటివారమున గాని డిస్ట్రిక్టులకు వార్త అందలేదు. కొన్ని డిస్ట్రిక్టులలో ఏండ్ల క్రిందట చదువు ముగించి వెళ్ళిపోయినవారి వివరములు సైతము అందుండెను. సంస్థవారు సొమ్ము చెల్లించి, దస్తరములు చెరిపివేసినట్లు దొంగలు చూపిన వీడియోను నమ్మిరి. 2025 మే మాసమున ఆ దస్తరములనే చూపి కొన్ని డిస్ట్రిక్టులకు మరల బెదిరింపులు వచ్చినవి. దొంగ ఇచ్చిన హామీకి విలువ యెంతయో ఇంతకన్న స్పష్టముగా చూపు ఉదాహరణము నాకు తెలియదు. తుదకు పట్టుబడి నేరమంగీకరించినవాడు మసాచుసెట్స్ రాష్ట్రమున కళాశాలలో చదువుచున్న పందొమ్మిదేండ్ల కుర్రవాడు. వానికి నాలుగేండ్ల కారాగారశిక్ష పడినది.

ఇట్టి విపత్తునందు తల్లిదండ్రులు చేయగలిగినది స్వల్పమే యని నేను దాచదలచుకొనలేదు. సంస్థ తన తలుపు వేసికొననప్పుడు మన ఇంట పాస్‌వర్డు ఎంత బలముగానున్నను దొంగ ఆగడు. అయినను ఆ స్వల్పమును తృణీకరింపరాదు. అందు మొదటిది, అక్కరలేని వివరము ఇవ్వకుండుట. దస్తరములోనికి ఎక్కని వివరమును ఎవ్వడును దొంగిలింపలేడు గదా! బడిలో చేర్చునాడు నింపవలసిన పత్రములలో నక్షత్రపు గుర్తున్న గడులు తప్పనిసరి, తక్కినవి ఐచ్ఛికములు. మనవారు మాత్రము గడి కనబడినంతనే నింపుట ధర్మమని తలంచి, సోషల్ సెక్యూరిటీ నంబరుతో సహా సర్వమును వ్రాసి ఇచ్చివేయుదురు. ఆ నంబరు ఇయ్యలేదన్న కారణమున ప్రభుత్వ పాఠశాల పిల్లవానిని చేర్చుకొననని చెప్పుటకు వీలులేదు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు ప్లైలర్ వర్సెస్ డో అను వ్యాజ్యమున ఇచ్చిన తీర్పు ప్రకారము, వలసస్థితి యెట్టిదైనను బాలబాలికలకు ప్రభుత్వ పాఠశాలయందు ప్రవేశము నిరాకరింపరాదు. అది టెక్సాస్ నుండి పుట్టిన వ్యాజ్యమే. హెచ్-4 వీసాపై వచ్చిన పిల్లలకు ఆ నంబరే యుండదు; వారిని చేర్చుకొనుట లేదా? టెక్సాస్‌లో అట్టివారికి ఎస్ అను అక్షరముతో మొదలగు వేరొక సంఖ్యను కేటాయింతురు. నంబరు కలిగియు ఇయ్యదలచుకొననివారు ఆ సంఖ్యనే అడిగి తీసికొనవచ్చును.

రెండవది క్రెడిట్ ఫ్రీజ్, అనగా బిడ్డ పేర పరులు అప్పు తీయకుండ రుణచరిత్ర దస్తరమును మూయించుట. ఇచ్చట పుట్టిన మన పిల్లలకు పుట్టిన కొద్ది వారములకే సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చుచున్నది. పద్దెనిమిదేండ్లు వచ్చి చదువుల అప్పునకు దరఖాస్తు పెట్టువరకు ఆ నంబరు పేర ఏమి జరుగుచున్నదో చూచు నాథుడు లేడు. పసివాని నంబరు దొంగలకు ప్రీతిపాత్రమగుటకు కారణము ఇదియే. 2018 సెప్టెంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన ఫెడరల్ చట్టము ప్రకారము, పదునారేండ్లలోపు బిడ్డ పేర తల్లిదండ్రులు ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అను మూడు రుణచరిత్ర సంస్థలకును దరఖాస్తు పెట్టి ఉచితముగా ఫ్రీజ్ చేయించవచ్చును. జనన ధ్రువపత్రము, మన గుర్తింపుపత్రము నకళ్ళు తీసి పంపవలసిన శ్రమ యున్నమాట నిజమే. ఒక శనివారము ఉదయము దానికై వెచ్చించుట బిడ్డకు చేయు మేలులలో ఒకటని నా నమ్మకము.

ఇక మన చేతిలోనే పూర్తిగా నున్న విషయములకు వత్తును.

పోర్టల్ పేర వచ్చు దొంగ ఈమెయిళ్ళు రానురాను కడు నైపుణ్యముతో వచ్చుచున్నవి. "మీ పిల్లవాని లంచ్ అకౌంటులో సొమ్ము నిండుకొన్నది, ఈ లింకు నొక్కి కట్టుడు" అనియో, "నేడు మీ అమ్మాయి రెండవ పీరియడునకు రాలేదు, వివరములకు లాగిన్ కండు" అనియో వ్రాసియుండును. రెండవ విధమైన వార్త చదివిన తల్లికి తర్కించు ఓపిక యెక్కడిది? ఆ ఆందోళనయే వారి పెట్టుబడి. కావున అట్టి సందేశము వచ్చినపుడు అందలి లింకును నొక్కక, తాను ముందుగా భద్రపరచుకొనిన బుక్‌మార్కు నుండిగాని, డిస్ట్రిక్టు ముఖపుట నుండిగాని పోర్టల్‌లోనికి పోయి చూచుకొనవలెను. వార్త నిజమైనచో అచ్చటను కనబడును. గోడలమీద, కరపత్రములమీద అంటించు క్యూఆర్ కోడ్‌ల విషయమునను ఇదే మాట.

లింకు ఎచ్చటికి పోవునో తెలిసికొనుటకు ఒక ఉపాయము గలదు. మన ఊరి ఉత్తరముపై చిరునామా మొదట మనిషిపేరు, పిదప ఇంటి నంబరు, గ్రామము, మండలము, చివర జిల్లా అని వరుసగా నుండును గదా. జాబు ఏ దిక్కునకు పోవలెనో తపాలావారు నిర్ణయించునది చివరి భాగమును చూచియే గాని మొదటనున్న పేరును చూచి కాదు. వెబ్ చిరునామాయు అట్లే. మొదట జంట ఏటవాలు గీతలున్నచో వానిని విడిచి, పిదప వచ్చు మొదటి ఏటవాలు గీత వరకు గల భాగమును తీసికొని, దానిని కుడివైపునుండి చదువవలెను: డాట్ ఆర్గ్ అనియో డాట్ కామ్ అనియో ఉన్న తుదిమాటకు సరిగా ముందున్న పేరెవరిదో వారే ఆ సైటు యజమానులు. మీ డిస్ట్రిక్టు పేరు మొట్టమొదట కనబడి, తుదిమాటకు ముందు మరియొక అపరిచిత నామము కనబడినచో అది మోసము కావచ్చును. అయితే నిజమైన పోర్టళ్ళు కూడ కొన్నిచోట్ల డిస్ట్రిక్టు పేర గాక, సాఫ్ట్‌వేర్ సంస్థ పేర నుండును. అందుచేతనే డిస్ట్రిక్టు ముఖపుట నుండి బయలుదేరుట ఉత్తమమని చెప్పుచున్నాను. కొన్ని బ్రౌజర్లలో చిరునామా ప్రక్కన కనబడు తాళము బొమ్మను చూచి నిశ్చింత పొందువారున్నారు. మనకును ఆ సైటునకును నడుమ పోవు మాటలు పరులు వినలేరని మాత్రమే దాని భావము. ఆ సైటు నడుపువాడు దొంగయో దొరయో అది చెప్పదు.

పాస్‌వర్డు విషయమున ప్రాచీనమైన ఒక మూఢవిశ్వాసము నేటికిని మనలను వీడలేదు. పెద్దక్షరము, అంకె, ఆశ్చర్యార్థకము కలిపి ఎనిమిది అక్షరములు కూర్చి, మూడు నెలలకొకమారు చివరి అంకెను పెంచుకొనుచు పోయినచో భద్రమని మనకు ఆఫీసులలో నేర్పినారు. అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థ నిస్ట్ 2017లోనే ఆ పద్ధతిని త్రోసిపుచ్చినది. అక్షరముల వింతకూర్పుకన్న పొడవు ముఖ్యమనియు, చోరీ అయినదన్న సూచన లేనిదే గడువు పెట్టి మార్పించుట నిష్ప్రయోజనమనియు ఆ సంస్థ అభిప్రాయము. ఒకదానితో ఒకటి పొందని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో కూర్చినచో పొడవును కలుగును, గుర్తును ఉండును. అయితే అవి సినిమాపేరో, కులదైవము పేరో, పిల్లవాని ముద్దుపేరో కారాదు. కొన్ని డిస్ట్రిక్టులవారు మొదట ఇచ్చు పాస్‌వర్డులో పిల్లవాని పుట్టినతేదీ ఇమిడియుండును. పుట్టినరోజు వేడుకల ఫోటోలు ఫేస్‌బుక్కున పెట్టు మన సంసారములకు అది రహస్యమెట్లగును? ఆ పాస్‌వర్డును మొదటిరోజుననే మార్చవలెను. ముఖ్యముగా, అమెజాన్‌కు వాడిన పాస్‌వర్డునే బడికిని వాడరాదు. ఒకచోట పోయినది పదిచోట్ల పరీక్షింపబడును. పాస్‌వర్డ్ మేనేజరు వాడుకొనుట సర్వోత్తమము. అది చేతగాని పెద్దలు బీరువాలోని నోటుపుస్తకమున వ్రాసికొనినను నేను ఆక్షేపింపను. దేశాంతరములనుండి వచ్చు దొంగ మన బీరువా తెరువలేడు.

డిస్ట్రిక్టువారు రెండంచెల పరీక్షకు, అనగా పాస్‌వర్డు పిదప ఫోనునకు వచ్చు అంకెలను అడుగు ఏర్పాటునకు, అవకాశమిచ్చినచో దానిని తప్పక పెట్టుకొనవలెను. పవర్‌స్కూల్‌వారి ఆ ద్వారమున కొరవడినది ఇదియే యని ఇంతకుముందే చెప్పితిని. ఫోనునకు వచ్చిన ఆ అంకెలను చెప్పుమని, డిస్ట్రిక్టు ఐటీ విభాగమనుచు ఎవరైనను ఫోనుచేసిరా, వారు ఐటీ విభాగము కారు. 2022 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ యూనిఫైడ్ అను మహా డిస్ట్రిక్టుపై దాడి జరిగినపుడు, ఆ డిస్ట్రిక్టువారు పాస్‌వర్డులు మార్చుకొనుటకై విద్యార్థులను, ఉద్యోగులను బడి ఆవరణకే రమ్మనిరి. క్యూలలో నిలుచుట కష్టమే. కాని దూరమునుండి పాస్‌వర్డు మార్చుకొను సౌకర్యము యజమానికెంతయో దొంగకును అంతయే గదా.

ఇచ్చటి తెలుగువారికి ప్రత్యేకమైన ఒక చిక్కును గూర్చి కొంచెము నిలిచి చెప్పెదను, ఏలయన డిస్ట్రిక్టువారు పంచు కరపత్రములలో ఇది కానరాదు. మన తండ్రులలో పలువురు పోర్టల్ ఖాతాకు ఆఫీసు ఈమెయిలును ఇచ్చియుందురు. హెచ్-1బీ జీవితమున ఉద్యోగము నేడొకచోట, రేపొకచోట. ఒక శుక్రవారము సాయంకాలము లేఆఫ్ వార్త వచ్చినచో ఆ ఈమెయిలు ఆ గడియలోనే మూతపడును, పోర్టల్ పాస్‌వర్డు మరచినపుడు తిరిగి సంపాదించుకొను మార్గమును దానితోపాటే మూతపడును. అదేవిధముగా ఇండియాకు తిరిగిపోవువారు అమెరికా ఫోను నంబరు వదలుకొందురు. ఆ నంబరు కొంతకాలమునకు మరియొకరికి చేరును. రెండంచెల అంకెలును వారికే చేరును. కాబట్టి ఖాతాకు సొంత ఈమెయిలు ఇచ్చుట, నంబరు మారకముందే పోర్టల్‌లో మార్చుట, న్యూజెర్సీనుండి టెక్సాస్‌కు మకాము మార్చిననాడు పాత డిస్ట్రిక్టువారికి చెప్పి ఖాతా మూయించుట, దానికి ముందు ట్రాన్స్‌క్రిప్టులు దింపుకొనుట, ఇవి పెట్టెలు సర్దుకొను జాబితాలో చేరవలసిన పనులు.

ఇంకొక సంగతి కొంచెము సున్నితమైనది. పోర్టల్‌లో తల్లిదండ్రుల ఖాతా వేరు, విద్యార్థి ఖాతా వేరు. మన ఇండ్లలో ఈ భేదము చెరిగిపోయినది. తండ్రి కుమారుని పాస్‌వర్డుతో కాన్వాస్ అను పాఠముల సైటులోనికి దిగి హోంవర్కు తనిఖీ చేయును. కుమారుడు తల్లి పాస్‌వర్డు తెలిసికొని, తన గైరుహాజరునకు తానే కారణము వ్రాసి పంపును. ఇరువురును ఒకరి పేర మరియొకరు మెలగుటయే. కాన్వాస్‌లో తల్లిదండ్రులకు అబ్జర్వర్ అను ప్రత్యేక పాత్ర గలదు. పిల్లవాడు తన ఖాతానుండి ఒక పెయిరింగ్ కోడ్ తీసి ఇచ్చినచో చాలును. గూగుల్ క్లాస్‌రూమ్ కూడ, బడివారు ఏర్పాటుచేసినచో, తల్లిదండ్రులకు ఈమెయిలు ద్వారా సారాంశము పంపును. రాజమార్గముండగా దొడ్డిదారి యెందులకు? తండ్రియే మరియొకని పాస్‌వర్డు వాడుట చూచి పెరిగిన పిల్లవానికి, పాస్‌వర్డు రహస్యమని తరువాత ఎవ్వరు చెప్పినను ఎట్లు ఎక్కును?

టెక్సాస్‌లోని హైస్కూలు విద్యార్థులకు మరియొక ప్రలోభము గలదు. క్లాసులో తన ర్యాంకు ఎంతయో, రాబోవు పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చిన జీపీఏ ఎంతవరకు పెరుగునో లెక్కకట్టి చూపు యాప్‌లు ప్రచారములోనున్నవి; కొన్నిటిని విద్యార్థులే స్వయముగా రచించినారు. వారి బుద్ధికుశలతను నేను మనసారా మెచ్చుకొందును. అయితే అట్టి యాప్ లెక్క చేయుటకు మొదట పోర్టల్ పాస్‌వర్డును అడుగును. దానిని ఎచ్చట దాచునో, ఎవరు కాపాడుదురో అడుగుటకు ఎవరును లేరు. మార్కులు కాగితముపై వ్రాసికొని లెక్కకట్టుకొనుట అంత కష్టమా?

ఆగస్టు మాసమున బడులు తెరచుటకు ముందు మన వాట్సాప్ గ్రూపులలో ఒక వేడుక జరుగును. "మా వాడికి ఫలానా టీచరు వచ్చింది, మీ వాడికెవరండీ?" అనుచు షెడ్యూలు స్క్రీన్‌షాట్లు వెల్లువగా వచ్చిపడును. అందు పిల్లవాని పూర్తిపేరు, విద్యార్థి సంఖ్య, ఏ పీరియడులో ఏ గదిలో నుండునో, ఒక్కొక్కప్పుడు బస్సు నంబరుతో సహా కానవచ్చును. రెండువందల యిరువదిమంది గల గ్రూపులో మనకు ముఖపరిచయము గలవారెందరు? టీచరు పేరు టైపు చేసిన పని గడచును, చిత్రమెందులకు? మార్కుల పట్టికలను తాతగారి గ్రూపులో పెట్టువారిని నేను మందలింపలేను, ఆ పెద్దల ఆనందము తెలిసినవాడను గనుక; విద్యార్థి సంఖ్య ఉన్న భాగమును కత్తిరించి పంపుడని మాత్రము వేడుకొనుచున్నాను.

బడివారే బయటపెట్టు వివరములును గలవు. 1974 నాటి ఫెర్పా చట్టము విద్యార్థి దస్తరములను కాపాడుచునే, పేరు, చిరునామా, ఫోను నంబరు మున్నగువానిని డైరెక్టరీ సమాచారమను పేర, తల్లిదండ్రులు వలదని వ్రాసి యియ్యనిచో, ఇతరులకు ఇచ్చుటకు బడులకు వెసులుబాటు కల్పించినది. వలదనుటకు గడువు సాధారణముగా బడి తెరచిన తొలివారములలోనే ముగియును. పోర్టల్‌లో ఏటేటా వచ్చు రిజిస్ట్రేషను పుటలలో ఆ ప్రశ్న ఎచ్చటనో మూలనుండును. మనము "నెక్స్ట్" నొక్కుకొనుచు పోవు వేగమునకు అది కానరాదు. ఇయర్‌బుక్కులో ఫోటో రావలెనని కోరువారు, కొన్ని డిస్ట్రిక్టులలో ఇయర్‌బుక్కునకును, బయటివారికిచ్చు సమాచారమునకును వేరువేరు గడులుండునని గమనించి, చూచి గీత పెట్టవలెను.

ఆ చట్టముననే మరియొక అంశము గలదు. విద్యార్థికి పద్దెనిమిదేండ్లు నిండిననాడుగాని, కళాశాలలో చేరిననాడుగాని ఆ హక్కులన్నియు తల్లిదండ్రులనుండి వానికే సంక్రమించును. పన్ను లెక్కలలో వాడు మనపై ఆధారపడినవాడుగా నున్నంతకాలము దస్తరములు మనకు చూపుటకు బడికి చట్టము అడ్డు చెప్పదు గనుక, పండ్రెండవ తరగతి ముగియువరకు మన ఖాతా సాధారణముగా తెరచియే యుండును. కళాశాలలో అట్లు కాదు: అచ్చటి పోర్టల్ విద్యార్థిది, తండ్రికి ఫీజు బిల్లు కనబడవలెనన్నను పిల్లవాడు తన ఖాతానుండి అనుమతి నొసగవలెను. ఆగస్టులో మొదటి సెమిస్టరు ఫీజు గడువు వచ్చుటకు ముందే, జూన్ జూలై మాసములలో తీరికగానున్నపుడు, ఏయే వివరములు చూపదలచునో వానిని అడిగి తెలిసికొని, మన పేర వేరుగా ఖాతా తెరపించుకొనుట మంచిది.